ఒక్క లైన్ రాసియ్యమన్నరు – రెండు నెలల ఎంక్వైరీ, నా అనుభవం

మాది నల్లగొండ జిల్లా, హాలియా పక్కన ఊరు. నాయిన ఇరవై రెండేండ్లు లారీ నడిపి ఇప్పుడు సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి చేస్తుండు. రోడ్డు పక్కన ఎకరంన్నర అమ్మి, మిగతాదానికి బ్యాంకు లోన్ పెట్టి నన్ను పైలట్ ట్రైనింగ్‌లో వేసిండు. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి, నా విమానం రన్‌వే దాటి మట్టిలకు పోయిన రోజుకి నావి 61. స్కూల్ పేరు రాయను, ఏ రాష్ట్రమో కూడా రాయను, ఇంకా అక్కడనే ఉన్న, కట్టిన ఫీజులో సగం వాళ్ళ దగ్గరనే ఉంది, అర్థం చేసుకోండి.

2025 మే నెలాఖరు. పొద్దున 7 దాటింది. సోలో సర్క్యూట్లు, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కన్నే లేచి, రన్‌వే చుట్టూ ఒక రౌండ్ కొట్టి దిగుడు. రెండు మంచిగనే అయినయ్. మూడోదాంట్ల దిగేటప్పుడు స్పీడ్ 65 నాట్లు (విమానం స్పీడ్ కొలిచే లెక్క) ఉండాల్సింది 74 ఉంది. నేను చూసిన. చూసి కూడా రన్‌వే పొడుగుంది కదా ఏంగాదు అనుకున్న. ఇది ముందే ఎందుకు చెప్తున్న అంటే, కింద రాసేదంతా చదివి వీడు తన తప్పు ఇంకొకల మీదికి నూకుతుండు అనుకోవద్దు.

ముక్కు సరిగ ఎత్తి పట్టలే. ముందు చక్రం మెయిన్ చక్రాలకంటే ఒక ఇసుమంత ముందు తగిలింది, బండి ఎగిరింది, మళ్ళ పడింది, అప్పుడు ముందు చక్రం కొట్టుకోవడం మొదలుపెట్టింది. దీన్ని షిమ్మీ అంటరు. పాత టీవీఎస్ ఎక్సెల్ మీద దిగుడులో స్పీడుగా పోతుంటే హ్యాండిల్ ఎట్ల దడదడ వణుకుతదో అది పది రెట్లు అనుకోండి, ఎదురుంగ ఉన్న మీటర్ల మీద అంకెలు చదవొస్తలే, కాళ్ళ కింద పెడల్స్ గుద్దుతున్నయ్. బండి ఎడమకు గుంజింది, నేను కుడి రడ్డర్ తొక్కిన, తొక్కేసరికి లేటయింది. రన్‌వే అంచు దాటి మట్టిలకు పోయింది, ముందు చక్రం కూరుకపోయింది, ప్రొపెల్లర్ నేలకు తాకి ఇంజన్ టక్కున ఆగింది. మిక్చర్, మ్యాగ్నెటోలు, ఫ్యూయల్, మాస్టర్ స్విచ్, అన్నీ చేతులే బంద్ చేసినయ్, నేను చేసినట్టు గుర్తు లేదు. దిగి చూస్తే ప్రొపెల్లర్ కొస కొడవలి లెక్క వంగి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుంటే ఇంకా ఎచ్చగనే ఉంది.

నాకు దెబ్బ ఒక్కటి తగలలే, బెల్ట్ దగ్గర కమిలింది అంతే.

ఇగ ప్రాసెస్. ఫైర్ బండి వచ్చింది, డాక్టర్ వచ్చిండు, ఊదించిండ్రు, జీరో వచ్చింది. నా లాగ్‌బుక్ తీసుకున్నరు, నిన్న ఎన్నింటికి పడుకున్నవ్, ఏం తిన్నవ్, ఏమన్న గోళీలు వేసుకున్నవా అని అడిగి రాసుకున్నరు. విమానం టెక్ లాగ్, అంటే బండి లోపాలు, రిపేర్లు రాసే బుక్కు, కూడా సీల్ చేస్తరనుకున్న గని అది అప్పుడే నా కండ్ల ముందట జరగలే, దాని మీద తర్వాత వస్త. పదిన్నరకు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ రూమ్‌కి పిలిచిండ్రు. నాలుగు తెల్లకాయితాలు, ఒక పెన్ను. సార్ చెడ్డోడు కాదు, నిజంగ చెప్తున్న, ముందుగాల నీళ్ళు తాగమన్నడు. తర్వాత అన్నడు, "ఎక్కువ రాయకు బాబూ. ల్యాండింగ్‌లో డైరెక్షన్ కంట్రోల్ చెయ్యలేకపోయిన అని ఒక్క లైన్ రాసి సంతకం పెట్టు. కరెక్టివ్ ట్రైనింగ్ ఇచ్చి పది రోజులల్ల మళ్ళ ఎగిరిస్తం. పెద్దగ చేసుకుంటే పెద్దగ అయితది."

ఆ లైన్ అబద్ధం కాదు. అదే కష్టం. కంట్రోల్ చెయ్యలేకపోయింది నేనే. కానీ ముందు రోజు సాయంత్రం ఇదే బండిల, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండంగనే, దిగినప్పుడు ముందు చక్రం కొంచెం కొట్టుకుంది. సార్ ఏంది ఇది అంటే "దీనికి అలవాటే, ముక్కు ఎత్తి పట్టి దింపు" అన్నడు. టెక్ లాగ్‌ల స్నాగ్, అంటే ఈ లోపం సంగతి, రాయలే. సంతకం ఆయనది, నేను స్టూడెంట్‌ని, నేను కూడా నోరు తెరవలే. స్నాగ్ రాస్తే ఇంజనీరు చూసి సంతకం పెట్టేదాక బండి ఆగుతది, బండి ఆగితే ఆరుగురి క్లాసులు ఆగుతయ్, అందుకే చిన్నచిన్నవి ఎవరూ రాయరు, నోటితో చెప్పుకుంటరు. మా దగ్గర ఆ బండికి ఒక పేరు కూడా ఉంది, బ్యాచ్‌కి బ్యాచ్ చెప్పుకుంటూ వచ్చిన పేరు, అది ఇక్కడ వద్దులే.

సాయంత్రం దాక టైం ఇయ్యండి సార్, తల తిరుగుతుంది అని చెప్పి రూమ్‌కి వచ్చి నాయినకు ఫోన్ చేసిన. ముందుగాల అమ్మకు వినపడకుండా బయటికి పో అని చెప్పిన.

"దెబ్బలేమన్న తాకినయా?"

"లేదు నాయినా."

"ఏమన్న రాసిచ్చినవా?"

ఇదీ ఆయన రెండో ప్రశ్న. విమానం ఎంత ఖర్సయితది అని కాదు. నేను ఒక్క లైన్ సంగతి చెప్పిన. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఏం జరిగిందో అంత రాయి, ముందు రోజు కాడ్నుంచి రాయి, నీ తప్పు కూడా రాయి. ఒక్క లైన్ మాత్రం రాయకు" అన్నడు.

ఎందుకన్నడో నాకు తెలుసు. 2004లో మిర్యాలగూడ మిల్లుల కాడ బియ్యం లోడ్ చేసుకొని హైదరాబాద్ పోతుంటే, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి చిట్యాల దాటినంక రాత్రి రెండింటికి ముందు ఎడమ టైరు పగిలి లారీ కల్వర్టుకు గుద్దింది. క్లీనర్‌ది కాలు విరిగింది. ఆ టైరు అరిగి గుండయిందని నాయిన ఓనర్‌కి మూడుసార్లు చెప్పిండు, ఈ ట్రిప్ ఎట్లన్న కానియ్ అన్నడు ఓనర్. తెల్లకాయితం మీద నాయిన సంతకం తీసుకున్నరు. తర్వాత చూస్తే దాంట్ల ఉంది, "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి". బండిని చూసినోళ్ళ రిపోర్ట్‌ల ఏముందంటే మెకానికల్ డిఫెక్ట్ ఏమీ లేదు. పగిలిన టైరు ఏమైందో దేవునికెరుక. ఆరేండ్లు వాయిదాలకు తిరిగిండు. ఓనర్ పేరు ఆ కాయితాలల్ల ఎక్కడ లేదు, ఉన్నది బండి నంబరు, నాయిన పేరు.

నేను రెండున్నర పేజీలు రాసిన. స్పీడ్ 74 అని రాసిన, ముక్కు ఎత్తలే అని రాసిన, ముందు రోజు ఎన్నింటికి, ఎవరున్నప్పుడు, చక్రం ఎట్ల కొట్టుకుంది, ఏమన్నరు అన్నది కూడా రాసిన, రాసినప్పుడు చెయ్యి వణికింది, ల్యాండింగప్పుడు వణకలే గని అప్పుడు వణికింది. ఇచ్చే ముందు ఫోన్‌ల ఫోటో తీసుకున్న. చీఫ్ సార్ చదివి ఏమనలే. మా ఇన్‌స్ట్రక్టర్ ఆ తర్వాత నాతో మూడు వారాలు మాట్లాడలే.

నన్ను రోస్టర్ నుంచి తీసేసిండ్రు, పిలిచేదాక రావద్దన్నరు. జూన్ 6న ఊరికొచ్చిన.

ఊర్ల సంగతి చెప్తే నవ్వుతరు. బస్ దిగంగనే హోటల్ కాడ "ఏంరా పైలట్, విమానం కూలగొట్టినవంట?" అన్నరు. ఎవరు చెప్పిండ్రో తెల్వదు. కూలలే కాకా, మట్టిలకు పోయింది అంటే, "ఆఁ, మా ట్రాక్టర్ కూడా రోజు మట్టిలకే పోతది" అని ఒకాయన. మా దగ్గర విమానం మాట వస్తే ఆఖరికి పావురాలగుట్ట దగ్గరికే పోతది, 2009 సెప్టెంబర్ 2 నాడు నల్లమలల రాజశేఖర్ రెడ్డి హెలికాప్టర్ కూలింది కదా, పదహారేండ్లయినా ఎవని దగ్గర వాని థియరీ ఉంది. ఆ రోజు మబ్బు ఎట్ల పట్టిందో, పైలట్లు వెనక్కి ఎందుకు తిరగలేదో, హోటల్ల కూసోని చెప్పేస్తరు, చాయ్ ఐపోయేలోపు తీర్పు కూడా ఇస్తరు.

జూన్ 12. మధ్యాహ్నం నేను బోరు కింద నారుమడి కాడ ఉన్న, బ్యాచ్‌మేట్ ఫోన్ చేసి అహ్మదాబాద్‌ల ఎయిరిండియా డ్రీమ్‌లైనర్ పడిపోయిందిరా అన్నడు. లండన్ పోయేది. లోపల 242 మంది, ఒక్కడు బతికిండు. కింద హాస్టల్ మీద పడ్డది, నేల మీద ఇంకో 19 మంది, మొత్తం 260. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలే. సాయంత్రానికే వాట్సాప్‌ల వచ్చేసింది, కోపైలట్ చక్రాలు లేపబోయి ఫ్లాప్స్, అంటే లేచేటప్పుడు రెక్కల వెనక దించి పెట్టే పలకలు, లేపిండు అని. నెల రోజులు అదే. జూలై 12న ప్రిలిమినరీ రిపోర్ట్ వచ్చింది, 15 పేజీలు, తెల్లారగట్ల లేచి చదివిన. ఫ్లాప్ లీవర్ 5 దగ్గరనే ఉంది, టేకాఫ్‌కి ఎక్కడ ఉండాల్నో అక్కడనే. అప్పుడు గంటలకు గంటలు ఫ్లాప్స్ అన్నోళ్ళల్ల ఒక్కడన్న సారీ చెప్పిండా? ఆ కోపైలట్ అమ్మనాయినలు ఆ నెల రోజులు అవన్నీ చూసే ఉంటరు కదా.

ఆ రిపోర్ట్‌ల ఇంకోటి ఉంది, అది అందరికీ తెలిసిందే. నేల వదిలిన కొన్ని సెకన్లకు రెండు ఇంజన్ల ఫ్యూయల్ స్విచ్‌లు సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి, అంటే ఫ్యూయల్ బందయ్యే దిక్కు, పోయినయ్. ఒక పైలట్ ఎందుకు కట్ చేసినవ్ అని అడిగితే ఇంకొకాయన నేను చెయ్యలే అన్నడు. ఎవరు అడిగిండ్రు, ఎవరు జవాబిచ్చిండ్రు రిపోర్ట్‌ల లేదు. పది సెకన్లకు మళ్ళ రన్‌ల పెట్టిండ్రు, ఒక ఇంజన్ తేరుకుంటుండంగనే అయిపోయింది. దీని మీద నేను ఏం చెప్పను. 61 గంటలోడిని, 15 వేల గంటలు దాటిన కెప్టెన్ గురించి నేనేం చెప్తా. కానీ మా నల్లగొండ క్లాక్ టవర్ కాడ చాయ్ బండి దగ్గర చెప్పినోళ్ళు ఉన్నరు. "పైలటే కావాలని చేసిండు, క్లియర్‌గ ఉంది కదా అన్నా." నాయిన పక్కనే ఉన్నడు. గ్లాసు కింద పెట్టి, "చచ్చిపోయినోడు వచ్చి చెప్పుకోలేడు కదా, ఏమన్న అనొచ్చు" అన్నడు. వాళ్ళు నాయిన దిక్కు చూసిండ్రు, ఈ ముసలాయనకు విమానాల గురించి ఏం తెలుసన్నట్టు.

ఆ రెండు నెలలు వేరే పని లేక పాత యాక్సిడెంట్ రిపోర్ట్‌లు చదువుడు అలవాటైంది. చదివినవి రాత్రి నాయినకు చెప్పేవాన్ని. 2020 ఆగస్ట్ 7 నాడు కేరళ కోళికోడ్‌ల ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం పడ్డ సంగతి చెప్పిన. వానలో, వెనక గాలితో దిగిండ్రు, 8,858 అడుగుల రన్‌వే అది, చక్రాలు తాకేసరికే 4,438 అడుగులు దాటిపోయింది, ఆగలేక గుట్ట అంచు మీదికెళ్ళి పడి 21 మంది పోయిండ్రు, పైలట్లిద్దరు కూడా. గో-ఎరౌండ్, అంటే దిగకుండ మళ్ళ పైకి లేచి పోవాల్సి ఉండె, పోలే, రూల్ పాటించలే అని రిపోర్ట్‌ల ఉంది, అది నిజమే. కానీ కెప్టెన్ దిక్కు వైపర్ ఆగిపోయింది. తెల్లారి ఇంకో ఫ్లైట్ తీసుకపోవాలె, ఆ బేస్‌ల కెప్టెన్లు తక్కువ. ఇది కూడా అదే రిపోర్ట్‌ల ఉంది, వ్యవస్థ లోపాలను కాదనలేం అని. వైపర్ అనంగనే నాయిన లేచి కూసున్నడు. "వైపరా?" అన్నడు. వాళ్ళ కాలంల వైపర్ పనిచెయ్యకపోతే పొగాకు నలిపి తడి అద్దానికి రుద్దేదంట, దాంతోని ఒక అరగంట నీళ్ళు నిలువకుండ జారిపోయేవంట, మళ్ళ ఆపి మళ్ళ రుద్దుడు. "వైపర్ చేయించమని చెప్తే ఓనర్ ఏమనేటోడో తెలుసా, వానాకాలం ఐపోవస్తుంది కదా అనేటోడు."

నాకు బాగ గుర్తుండిపోయింది మాత్రం ఎరెబస్. 1979 నవంబర్ 28, ఎయిర్ న్యూజిలాండ్ విమానం అంటార్కిటికా చూపించనీకి పోయి ఎరెబస్ కొండకు గుద్దుకుంది, 257 మంది. మొదటి రిపోర్ట్‌ల పైలట్‌దే తప్పు, మరీ కిందికి దిగిండు. తర్వాత జస్టిస్ మహోన్ కమిషన్ కూసుంటే బయటపడింది ఏందంటే, బయల్దేరే ముందు రాత్రి కంపెనీ కంప్యూటర్ల దారి నంబర్లు మార్చింది, పైలట్లకు చెప్పలే. వాళ్ళు సముద్రం మీద పోతున్నమనుకున్నరు, విమానం కొండ మీదికి పోతుంది, మంచు మీద తెల్లటి మబ్బు, ఎదురుంగ ఉన్నది కొండని కంటికి ఆనలే. నేను ఇది చెప్తుంటే మా అమ్మ బీడీలు చుట్టుకుంట, "దారి మార్చి చెప్పకపోతే ఎవడు మాత్రం ఏం చేస్తడు" అన్నది. అంతే, మహోన్ గారికి ఏడాది పట్టింది.

బోయింగ్ మ్యాక్స్ విమానాల సంగతి కూడా అట్లనే, 2018ల ఇండోనేషియాల ఒకటి, 2019ల ఇథియోపియాల ఒకటి కూలినయ్, రెండు కలిపి 346 మంది పోయిండ్రు. మొదటిదాని కెప్టెన్ మన ఢిల్లీ పిలగాడే. ముందుగాల ట్రైనింగ్ సరిగ లేని పైలట్లు అన్నరు, ముక్కును కిందికి నొక్కే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని పైలట్ల మాన్యువల్‌ల అప్పటికి రాయనే లేదు.

సరే, నా ఎంక్వైరీకి వస్త. జూన్ మూడో వారంల ఆన్‌లైన్ మీటింగ్, ముగ్గురు. ఇంట్ల నెట్ సరిగ రాదని హాలియాల ఫ్రెండ్ మొబైల్ షాప్ వెనక రూమ్‌ల కూసున్న, తెల్ల యూనిఫాం షర్ట్ వేసుకొని కింద లుంగీ. వాళ్ళు అడిగిన మొదటిది, "బౌన్స్ అయినంక పవర్ పెట్టి గో-ఎరౌండ్ ఎందుకు పోలే?" మంచి ప్రశ్న. జవాబు లేదు నా దగ్గర. ఆలోచించనీకి రెండు మూడు సెకన్లు ఉండె, ఆ సెకన్లు ఏంది ఈ దడదడ అనుకునుడులనే పోయినయ్, అదే చెప్పిన. 2009ల ఇంజన్లు ఆగిపోయిన విమానాన్ని న్యూయార్క్ హడ్సన్ నదిల దింపిన పైలట్ సల్లీ గారి మీద కూడా ఎంక్వైరీ అయింది, సిమ్యులేటర్ల కొందరు పైలట్లు వెంటనే మలిపి ఎయిర్‌పోర్ట్‌కి చేరిండ్రు. మనిషి తేరుకొని ఆలోచించుకోనీకి 35 సెకన్లు కలిపి ట్రై చేస్తే చేరలే. నేను సల్లీ కాదు, ఆయన 155 మందిని బతికించిండు, నేను ప్రొపెల్లర్ వంచిన. కానీ ఆ ముగ్గురి ముందట కూసున్నప్పుడు ఆ 35 సెకన్లే గుర్తుకొచ్చినయ్.

తర్వాత ముందు రోజు సంగతి. వాళ్ళల్ల ఒకాయన, బయటినుంచి వచ్చినాయన అనుకుంట, "నువ్వు పొద్దున వాక్‌రౌండ్‌ల ముందు చక్రం చూసినవా?" అన్నడు. (వాక్‌రౌండ్ అంటే ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకునుడు.) చూసిన సార్. "షిమ్మీ డ్యాంపర్ చేత్తో తుడిచి చూసినవా?" తుడవలే. ఆ చక్రం కొట్టుకోకుండా పట్టి ఉంచే చిన్న గొట్టం అది, నూనె కారితే పనిచెయ్యదు, తుడిచి చూస్తే వేలికి తడి తెలుస్తది. చెక్‌లిస్ట్‌ల ఉంది. నేను కంటితో చూసి టిక్ పెట్టిన. ముందు రోజు కొట్టుకుందని తెలిసి కూడా తుడవలే. ఆ ప్రశ్న నాకు సరిగ్గ తగిలింది, ఇప్పటికి కూడా. మిగతా ఇద్దరు అడిగినవన్నీ మర్చిపోయిన.

ఇంజనీరు విప్పి చూస్తే డ్యాంపర్ల నూనె కారి ఖాళీ అయి ఉందంట. ఈ మాట నాకు ఆఫీసోళ్ళు చెప్పలే, మెకానిక్ అన్న చెప్పిండు. టెక్ లాగ్ సంగతి తర్వాత చెప్తా అన్న కదా, ముందు రోజు సాయంత్రం పేజీల ఒక లైన్ కొత్తగ వచ్చి ఉందని బ్యాచ్‌ల అనుకున్నరు, నేను కండ్లార చూడలే కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

జూలై ఆఖరుకు రిపోర్ట్ వచ్చింది. రెండు పేజీలు. కారణం: ట్రైనీ పైలట్ ల్యాండింగ్ సరిగ చెయ్యక డైరెక్షన్ కంట్రోల్ చెయ్యలేకపోవడం. ఎగ్జాక్ట్‌గ వాళ్ళు మొదటి రోజు రాయమన్న లైనే. దాని కింద తోడైన కారణాలు అని చిన్న పేరా, నోస్ వీల్ వైబ్రేషన్ ముందే గమనించినా నమోదు కాలేదు అని. ఎవరు గమనించిండ్రు, ఎవరు నమోదు చెయ్యలే, లేదు. "నమోదు కాలేదు" అంతే, అదేదో వాన పడలేదు అన్నట్టు. నాకు మాత్రం పేరు, లైసెన్స్ నంబర్ తో సహా ఉంది. ఐదు గంటల కరెక్టివ్ ట్రైనింగ్, డబ్బులు నావే.

నాయినకు చదివి వినిపించిన. రెండో పేరా మళ్ళ చదువు అన్నడు. మళ్ళ చదివిన. "ఉంది కదా, పేపర్ మీదికి వచ్చింది కదా" అన్నడు, ఆయనకు అది చాలా పెద్దగ అనిపించింది, నాకు అప్పుడు కోపమే వచ్చింది. యాక్సిడెంట్ విచారణ చేసేది మళ్ళ జరగకుండ చూడనీకే గని ఎవరిది తప్పో తేల్చనీకి కాదు, ఇది అంతర్జాతీయ రూల్, మన 2017 రూల్స్‌ల కూడా అదే ఉంది, మేము ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్షకు బట్టీ పడతం. మార్కులు కూడా వస్తయ్. 2025 నవంబర్‌ల సుప్రీంకోర్టు అహ్మదాబాద్ కెప్టెన్ తండ్రితో, 91 ఏండ్ల పెద్దాయన, మీ కొడుకును ఎవరూ నిందించలేరు, ఆ బరువు మోయకండి అన్నట్టు చెప్పింది. నాయిన ఆ వార్త టీవీల చూసి రెండుసార్లు ఫోన్ చేసిండు నాకు, చూసినవా చూసినవా అని.

ఆగస్ట్ మొదటి వారం మళ్ళ పోయిన. కరెక్టివ్ ట్రైనింగ్ ఐదు గంటలు వేరే ఇన్‌స్ట్రక్టర్‌తో అయింది, 65 నాట్లు దాటితే గో-ఎరౌండ్ అని నాకు నేనే పెట్టుకున్న, ఆయన నవ్విండు, 68 అయినా దింపొచ్చు బాబూ అని. సోలో ఇచ్చిన రోజు వేరే బండి. వాక్‌రౌండ్‌ల ముందు చక్రం కాడ కూసోని డ్యాంపర్ తుడిచిన. వేలికి ఎర్రటి నూనె అంటింది, కొంచెమే, బొట్టంత. ఒక నిమిషం అట్లనే కూసున్న. వెనక ఇంకో నలుగురు అదే బండి కోసం లైన్ల ఉన్నరు, ఒకడికి ఆ వారంల అదొక్కటే సార్టీ, అంటే ఎగిరే ఛాన్స్.

రాసిన. ఇంజనీరు వచ్చి చూసి, సీల్ మార్చాలె, రెండు రోజులు పడుతది అన్నడు. ఆ రాత్రి మెస్‌ల నా టేబుల్ కాడికి ఎవరూ రాలే. నాయిన ఫోన్ చేసి ఎగిరినవా అని అడిగిండు. లేదు నాయినా అన్న. ఎందుకు అని అడగలే, తిన్నవా అన్నడు.